తాళాల కమ్మరి కొడుకు జార్జ్ ఓమ్

ఫిజిక్సు లాబులో అడుగుపెట్టిన కొత్తలో మనందరి చేతా చేయించే ప్రయోగం ఓమ్ నియమం. ఒక బ్యాటరీ, రియోస్టాటు, అమ్మీటరు, వోల్టుమీటరు. ఓ పది రీడింగులు, గ్రాఫు కాగితం మీద ఓ సరళరేఖ, రికార్డు పుస్తకంలో ఓ సంతకం. అక్కడితో ఓమ్ గారి రుణం తీరిపోయినట్టే. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా వస్తే రాస్తాం, రాకపోతే మరిచిపోతాం. ఆ సరళరేఖ కోసం ఒక మనిషి సగం జీతం మీద సెలవు పెట్టి పుస్తకం రాశాడనీ, ఆ పుస్తకం వల్లే ఉద్యోగం వదులుకున్నాడనీ, అన్నేళ్లు ఎవరికీ పట్టని మాస్టారుగా బతికాడనీ మన పాఠ్యపుస్తకం చెప్పదు. పేరు పక్కన బ్రాకెట్లో పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం వేసి ఊరుకుంటుంది.

నేను వ్యవసాయం చేసే ఇంటి నుంచి వచ్చినవాణ్ణి. మా ఇంట్లో కరెంటు అంటే మొదట బోరు మోటారు. బల్బులూ ఫాన్లూ ఆ తర్వాతే. లైనుకి చిట్టచివర ఉన్న పొలం మాది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరవాళ్ల మోటార్లన్నీ ఎత్తుకున్నాక మా స్టార్టరు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజి నీరసపడి ఉంటుంది. మోటారు చప్పుడు వినే మా నాన్న చెప్పేస్తాడు, ఇవ్వాళ కరెంటు పల్చగా ఉందని. వరి పొట్ట మీద ఉండగా వైండింగు కాలిపోతే ఏమవుతుందో పల్లెటూరి మిత్రులకి నేను చెప్పక్కర్లేదు. మోటారు పైకి లాగించాలి, టౌనుకి మోయించాలి, కొత్త తీగ చుట్టించాలి, మళ్లీ దించాలి. ఈలోగా మడి నెర్రెలు విచ్చుకుంటుంది. అందుచేత నేను ఓమ్‌ని పరీక్ష కోసం చదవలేకపోయాను. మా పొలం సంగతి ఈయనకి ముందే తెలుసన్నట్టుగా చదివాను.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి యోహాన్ ఓల్ఫ్‌గాంగ్ తాళాలు చేసే కమ్మరి. తల్లి మరియా ఎలిజబెత్ ఒక దర్జీ కూతురు. పుట్టిన పిల్లలు చాలామంది పసితనంలోనే పోగా ముగ్గురు మిగిలారు: జార్జ్, తమ్ముడు మార్టిన్, ఒక చెల్లెలు. జార్జ్‌కి పదేళ్లప్పుడు తల్లి కూడా పోయింది. తండ్రి బడికి వెళ్లి చదువుకున్నవాడు కాదు. కాని ఇనుము సాగగొడుతూనే తనంతట తాను లెక్కలు నేర్చుకున్నాడు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, తత్త్వశాస్త్రం చదివాడు. నేర్చుకున్నదంతా కొడుకులిద్దరికీ తనే చెప్పాడు. ఆ ఊరి యూనివర్సిటీలో లాంగ్స్‌డోర్ఫ్ అనే లెక్కల ప్రొఫెసరు ఈ పిల్లల్ని కూర్చోబెట్టి పరీక్షించి, వీళ్లు బెర్నూలీ సోదరులంతటి వాళ్లవుతారని తండ్రితో అన్నాడట. ఆ జోస్యం సగానికి పైగా నిజమే అయింది. మార్టిన్ తర్వాత రోజుల్లో లెక్కల ప్రొఫెసరయ్యాడు.

ఇక్కడ నాకు ముచ్చటేసే సంగతి ఒకటుంది. 1805లో యూనివర్సిటీలో చేరిన ఓమ్ ఏం చేశాడయ్యా అంటే, డాన్సులు చేశాడు, మంచు మీద స్కేటింగు చేశాడు, బిలియర్డ్సు ఆడాడు. మనలో కొందరికి ప్రాణం లేచొచ్చే విషయం! కాని తండ్రికి ఒళ్లు మండింది. తనకి దక్కని చదువు కొడుక్కి దక్కితే వాడు దాన్ని బిలియర్డ్సు బల్ల మీద పారబోస్తున్నాడని చదువు మాన్పించేశాడు. పదిహేడేళ్ల కుర్రాణ్ణి 1806లో స్విట్జర్లాండుకి, గోట్‌స్టాట్ అనే చోట ఒక బడికి లెక్కల పంతులుగా పంపేశాడు. అప్పు చేసి చదివించే ఇళ్ల నుంచి వచ్చిన మాబోటి వాళ్లకి ఆ తండ్రి కోపం కొత్తగా అనిపించదు.

స్విట్జర్లాండులో బడి పంతులుగానూ, తర్వాత ఇళ్లలో ట్యూషన్లు చెప్పుకుంటూనూ ఓమ్ రాత్రిళ్లు ఆయిలర్, లాప్లాస్, లాక్రువా పుస్తకాలు సొంతంగా చదివాడు. 1811లో ఎర్లాంగెన్‌కి తిరిగొచ్చి ఆ అక్టోబరులోనే డాక్టరేటు తీసుకున్నాడు. మూడు సెమిస్టర్లు అక్కడే పాఠాలు చెప్పాడు. ఆ సంపాదన తిండికి చాలలేదు. ప్రభుత్వాన్ని ఉద్యోగం అడిగితే 1813లో బాంబెర్గ్‌లో ఒక నాసి బడికి వేశారు. మూడేళ్లకి అదీ మూసేశారు. ఇవన్నీ తొందరగా దాటిపోదాం. ఆయనకి అసలైన చోటు 1817లో దొరికింది. కొలోన్ నగరంలో ఒకప్పుడు జెసూట్లు నడిపిన పాత ఉన్నత పాఠశాలలో లెక్కలు, ఫిజిక్సు చెప్పే ఉద్యోగం అది. అక్కడ మంచి లాబొరేటరీ ఉంది. ప్రయోగం చేసుకోవడానికి తాళాల కమ్మరి నేర్పిన చేతులూ ఉన్నాయి.

అప్పటి పరిస్థితి ఏమిటో కాస్త చెప్పుకోవాలి. వోల్టా 1800లో తొలి బ్యాటరీ చేశాడు. తీగలో కరెంటు పారితే పక్కనున్న అయస్కాంతపు సూది తిరుగుతుందని 1820లో ఎయిర్‌స్టెడ్ కనిపెట్టాడు. అంటే కరెంటు ఎంతుందో చూడటానికి ఒక దారి దొరికింది. కాని పొడుగు తీగలో ఎంత పారుతుంది, పొట్టి తీగలో ఎంత, సన్నదానిలో ఎంత, లావుదానిలో ఎంత అన్నదానికి లెక్క లేదు. వోల్టు లేదు, ఆంపియరు లేదు, మనం కొనుక్కునే మల్టీమీటరు అసలే లేదు. కొలవడానికి కొలబద్దే లేని రోజుల్లో కొలవాలని కూర్చున్నాడు.

1825లో మొదటి ప్రయోగాలు చేశాడు. వోల్టా బ్యాటరీకి రకరకాల పొడుగు తీగలు తగిలించి సూది ఎంత తిరుగుతుందో చూశాడు. తీరా చూస్తే బ్యాటరీ ఒక్క మాట మీద నిలబడదు. తీగ తగిలించగానే దాని సత్తువ పడిపోతుంది, తీసేస్తే కాసేపటికి కోలుకుంటుంది, మళ్లీ తగిలిస్తే మళ్లీ పడుతుంది. ఈ రీడింగులతో ఆయన లాగరిథమ్ ఉన్న ఒక సూత్రం కట్టి అచ్చు కూడా వేయించాడు. అది తప్పని ఆయనకే త్వరలో తెలిసింది. తప్పు తీగలోదీ కాదు, సూదిదీ కాదు, లెక్కదీ కాదు. సప్లయిదే. ఈ మాట మీద కొంచెం ఆగమని మనవి. ఓమ్ నియమం పుట్టకముందే ఓమ్‌కి ఎదురైన మొదటి చిక్కు మనం రోజూ తిట్టుకునే చిక్కే: లోడు వేస్తే పడిపోయే కరెంటు.

ఆ సమయంలో పోగెన్‌డార్ఫ్ అనే పెద్దమనిషి ఆదుకున్నాడు. ఆయన బెర్లిన్‌లో ఫిజిక్సు పత్రికకి సంపాదకుడు. బ్యాటరీ వదిలేసి, 1821లో సీబెక్ కనిపెట్టిన ఉష్ణ విద్యుత్తు వాడమని సలహా ఇచ్చాడు. రెండు వేరువేరు లోహాల్ని రెండు చోట్ల అతికి, ఒక అతుకుని వేడిగానూ రెండోదాన్ని చల్లగానూ ఉంచితే కరెంటు పుడుతుంది. బలం చాలా తక్కువ, కాని వేడి మారనంతసేపూ అది మారదు. ఓమ్ ఒక బిస్మత్ కడ్డీకి రాగి పట్టీలు బిగించాడు. ఒక అతుకు మరిగే నీళ్లలో, రెండోది మంచులో. మరిగే నీటికీ కరిగే మంచుకీ వేడి స్థిరంగా ఉంటుందని మనం ఇంటర్మీడియట్‌లో వల్లె వేసిన ముక్కని ఆయన ఎంత తెలివిగా వాడాడో చూడండి. ప్రయోగం చేసింది 1826 జనవరిలో. కొలోన్‌లో జనవరి నెలలో మంచుకేం కొదవ?

ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు కోశాడు. పొడవులు అంగుళాల్లో 2, 4, 6, 10, 18, 34, 66, 130. ఒక్కొక్కటే సర్క్యూట్లో పెట్టి, తీగ మీద వేలాడదీసిన అయస్కాంతపు సూది ఎంత లాగుతుందో చూశాడు. సూదిని మళ్లీ మొదటి చోటికి తేవడానికి పైనున్న తీగని ఎంత మెలితిప్పాలో అదే రీడింగు. రెండు అంగుళాల తీగకి దాదాపు 327 వచ్చింది. నూట ముప్పై అంగుళాల తీగకి 48 చిల్లర. మిగతావి ఈ రెంటి మధ్యా వరుసగా పడ్డాయి. ఈ అంకెలన్నీ ఒక చిన్న సూత్రంలో ఇమిడిపోయాయి. కరెంటు కావాలంటే a అనే ఒక అంకెని, b కీ x కీ కూడిక చేసి దాంతో భాగించాలి. x అంటే పరీక్షకి పెట్టిన తీగ పొడవు. a అంటే ఆ వేడి అతుకుల జంట తోపుడు బలం. మరి b? ఆ తీగ తప్ప సర్క్యూట్లో మిగిలిందంతా. కడ్డీ, పట్టీలు, కలిపిన చోట్లు, అన్నిటి అడ్డూ కలిపి. ఓమ్ లెక్కలో ఆ b విలువ 20 అంగుళాల పావు. అంటే ఆ సరంజామా అంతా కలిసి ఇరవయ్యింపావు అంగుళాల రాగి తీగకి సమానంగా అడ్డుపడుతోందన్నమాట.

నా దృష్టిలో ఓమ్ గొప్పతనమంతా ఈ b లో ఉంది. మన లాబులో గీసే సరళరేఖలో అది కనపడదు. చిన్న సూత్రం చేసి మనకి చెప్పేటప్పుడు దాన్ని మింగేశారు. కాని ఇళ్లలో, పొలాల్లో కరెంటు పెట్టే తిప్పలన్నీ ఆ b లోనే దాక్కుంటాయి. ట్రాన్స్‌ఫార్మరు నుంచి మన ప్లగ్గు దాకా వచ్చే తీగ, స్తంభం మీది జంపరు, ఫ్యూజు, మెయిన్ స్విచ్చి, బోర్డులో బిగించిన ప్రతి మరా b లో భాగమే. ఇంకో తమాషా ఏమిటంటే, కరెంటు పారనంతసేపూ b ఉన్నట్టే తెలియదు. పారడం మొదలైతేనే అది తన వాటా వోల్టేజి మింగుతుంది.

దీనికి ఈ వేసవిలో మా పిన్ని ఇంట్లో నేను చూసిన సంగతి చెబుతాను. వాళ్లది సిటీలో అపార్టుమెంటు. గిన్నెలు కడిగే మిషను కొనుక్కున్నారు. మా నాయనమ్మ దాన్ని చూసి గిన్నెలకి కూడా బీరువానా అని నవ్విందిగానీ, ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇల్లు, పాపం వాళ్ల అవస్థ వాళ్లది. ఆ మిషను చల్లనీళ్లతో మొదలుపెట్టి బాగానే తిరిగేది. నీళ్లు వేడెక్కించే ఘట్టం రాగానే దీపాలు మిణుకుమిణుకుమని ఆగిపోయేది. మెకానిక్కు వచ్చి టెస్టరు పెట్టి చూసి, కరెంటు బాగానే ఉంది, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయింది, మార్చాలన్నాడు. అతను చెప్పిన ధర వింటే మా ఊళ్లో ఓ పాత మోటారు వస్తుంది. బాబాయ్ సరే మార్చేయమనబోయాడు. పిన్ని మాత్రం ఒరేయ్, నువ్వు ఫిజిక్సేగా చదివేది, ఓసారి చూసి చెప్పరా అని నన్ను పిలిచింది.

టెస్టరు వెలిగిందంటే ఫేజు వచ్చిందని మాత్రమే అర్థం. ఆ చిన్న నియాన్ బల్బు వెలగడానికి కావలసిన కరెంటు ఎంత తక్కువంటే, దారిలో ఎంత పాడైన జాయింటు ఉన్నా అది దాటుకొని వస్తుంది. న్యూట్రలు తెగిపోయి, స్విచ్చి వేసి ఉంటే రెండు కాళ్లలోనూ టెస్టరు వెలుగుతుంది. అది చూసి కరెంటు పుష్కలంగా ఉందనుకుంటే అంతే సంగతులు. నేను మల్టీమీటరు తీసుకొని, మిషను పెట్టిన బోర్డులోనే పక్కనున్న చిన్న సాకెట్లో చూశాను. మిషను ఆపి ఉన్నప్పుడు 228 వోల్టులు. నిక్షేపంలా ఉంది. మిషను చల్లనీళ్లతో తిరుగుతుంటే 227. నీళ్లు కాగడం మొదలవగానే 190కి పడింది, అక్కడా నిలవకుండా ఊగింది. అదే సమయంలో హాల్లో మరో సాకెట్లో చూస్తే 226. అంటే వీధి లైను మంచిదే, ఇంటి మెయిను మంచిదే. మెయిను బోర్డుకీ వంటింటి బోర్డుకీ మధ్య ఎక్కడో b పెరిగింది.

ఇక లెక్క వేసుకుందాం. ఆ మిషనులో నీళ్లు కాచే కాయిలు 2000 వాట్లది. 230 ని 230 తో హెచ్చవేసి 2000 తో భాగిస్తే దాని నిరోధం సుమారు 26 ఓములన్నర. 190 వోల్టుల దగ్గర అందులో పారేది ఏడు ఆంపియర్ల చిల్లర. దారిలో పోయింది 38 వోల్టులు. అంటే ఆ దారిలో ఐదు ఓములకి పైగా అనవసరపు అడ్డు ఉంది. మంచి రాగి తీగకి ఆ కాస్త దూరానికి అర ఓము కూడా ఉండకూడదు. 38 ని ఏడు చిల్లరతో హెచ్చవేస్తే 270 వాట్ల పైచిలుకు. గోడలో, ప్లాస్టిక్కు బోర్డు వెనక, ఎవరికీ కనపడకుండా రెండున్నర వంద వాట్ల బల్బులంత వేడి! మిషను ఆగిపోవడం మంచిదే అయింది. ఆగకపోతే గోడే కాలి ఉండేది. మెయిను ఆపించి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి బోర్డు విప్పిస్తే, న్యూట్రలు తీగ బిగించిన మర వదులైపోయి, తీగ పైతొడుగు గోధుమరంగుకి మాడి ఉంది. మాడిన మేర కోసేసి, మంచి రాగి తేల్చి, కొత్త కనెక్టరు వేసి బిగించాడు. ఆ తర్వాత నీళ్లు కాగుతున్నప్పుడు చూస్తే 225. మిషను బోర్డుకి ఏమీ కాలేదు. మీరెవరైనా ఇలాంటివి చూడాలనుకుంటే సాకెట్లో కొలవడం వరకే చేయండి, మెయిను ఆపకుండా మర విప్పవద్దు. మా ఊళ్లో ఈ తొందరకి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే మా ఫిజిక్సు మాస్టారు ఊరుకోరు. కాగే కాయిలుకి వేసిన లెక్క మోటారుకి పనికిరాదు. వోల్టేజి తగ్గితే కాయిలులో కరెంటు తగ్గుతుంది. నీళ్లు ఎత్తిపోస్తున్న మోటారు మాత్రం అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే లో వోల్టేజిలో వైండింగు కాలుతుంది. అయినా మోటారు దాకా వచ్చే తీగకి ఓమ్ లెక్క తు.చ. తప్పకుండా వర్తిస్తుంది. ఎక్కువ లాగేకొద్దీ తీగలో ఎక్కువ పోతుంది, ఇంకా పల్చబడుతుంది. మా నాన్న చప్పుడులో వినేది ఈ సంగతే.

సరే, మళ్లీ ఓమ్ దగ్గరికి. ప్రయోగం ఫలించాక ఆయన ఒక ఏడాది సెలవు అడిగాడు. సగం జీతం మీద ఇచ్చారు. బెర్లిన్‌లో తమ్ముడున్నాడు, మంచి లైబ్రరీలున్నాయి. అక్కడ కూర్చుని 1827లో తన పుస్తకం అచ్చువేయించాడు. విద్యుత్ సర్క్యూట్టుని గణితంతో పరిశీలించిన మొదటి పుస్తకం అది. అందులో ఆయన పట్టుకున్న దారి నాకు బాగా నచ్చింది. కడ్డీలో వేడి ఎలా పారుతుందో ఫ్రాన్సులో ఫూరియే 1822లో లెక్కకట్టాడు. కడ్డీ రెండు చివర్ల వేడిలో తేడా ఉంటే వేడి పారినట్టే, తీగ రెండు చివర్ల విద్యుత్ స్థితిలో తేడా ఉంటే కరెంటు పారుతుందని ఓమ్ వాదించాడు. మాకైతే కాలవ పోలిక ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది. గట్టెంత ఎత్తున్నా వాలు లేకపోతే నీరు పారదు.

ఆ పుస్తకంతో తనకి యూనివర్సిటీలో ప్రొఫెసరు పని వస్తుందని ఆయన గట్టిగా నమ్ముకున్నాడు. వచ్చింది వెక్కిరింపు. ఆ రోజుల్లో జర్మనీలో చాలామంది పెద్దలకి ప్రకృతి అంటే తత్త్వచింతనతో తెలుసుకోవలసింది, తీగలు కోసి అంకెలు వేసి కాదు. గణితం ఫిజిక్సులో చొరబడటం వాళ్లకి గిట్టలేదు. పోల్ అనే బెర్లిన్ పండితుడు పుస్తకాన్ని చీల్చి చెండాడుతూ సమీక్ష రాశాడు. ప్రయోగాలు చేసేవాళ్లకేమో అంత గణితం కొరుకుడుపడలేదు. రెంటికీ చెడిన రేవడి అయింది ఆయన బతుకు. న్యాయంగా చెప్పాలంటే పుస్తకంలోనూ లోటుంది. ప్రయోగాల్ని పక్కనపెట్టి సిద్ధాంతంతో మొదలుపెట్టాడు, అంకెలు కావలసినవాళ్లకి అంకెలు కనపడలేదు. 1828 మార్చిలో ఓమ్ కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లవాడు. పెళ్లి లేదు, చేతిలో పని లేదు.

తర్వాతి ఐదేళ్లూ బెర్లిన్‌లో అక్కడా ఇక్కడా లెక్కలు చెప్పుకుని బతికాడు. 1833లో నూరెంబెర్గ్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసరు అన్న హోదా అయితే వచ్చింది. ఆయన ఆశపడిన యూనివర్సిటీ పీఠం మాత్రం కాదది. పాఠాలు చెప్పుకుంటూ, శబ్దం మీద కూడా పని చేశాడు. కలిసి వినపడే స్వరాన్ని మన చెవి విడివిడి స్వరాలుగా విడగొట్టి వింటుందని 1843లో రాశాడు. దాన్నీ అప్పట్లో కాదన్నవాళ్లున్నారు. తర్వాత హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని పైకి తెచ్చాడు. ఈయన జాతకమే అంత కాబోలు.

ఈలోగా బయట కొందరు ఆయన లెక్కని వాడి చూస్తున్నారు. లైప్‌జిగ్‌లో ఫెక్నర్ వందలకొద్దీ కొలతలు తీసి సరిగా ఉందన్నాడు. రష్యాలో లెంజ్ వాడాడు. ఫ్రాన్సులో పూయే 1837లో అదే ఫలితం తన సొంత దారిలో రాబట్టాడు. ఇంగ్లండులో వీట్‌స్టన్ లాంటివాళ్లకి టెలిగ్రాఫు పిచ్చి పట్టి ఉంది. మైళ్లకొద్దీ తీగ లాగేవాడికి ఓమ్ లెక్క లేకపోతే పూట గడవదు. ఎన్ని సెల్లులు పెడితే ఎంత దూరం సందేశం పోతుందో తెలియాలి. తీగ ఎక్కడో నేలకి తగిలి పాడైతే ఆ చోటు తెలియాలి. మైలుకి ఇన్ని ఓములని తెలిస్తే, ఈ చివర కూర్చుని అడ్డు కొలిచి ఎన్నో మైలు దగ్గర తెగిందో చెప్పవచ్చు. మా పిన్ని ఇంట్లో రెండు సాకెట్లలో చూసి మధ్య ముక్కని పట్టుకున్న పద్ధతికి ఇది ముత్తాత. 1841లో లండను రాయల్ సొసైటీ ఓమ్‌కి కాప్లీ పతకం ఇచ్చింది. సొంత దేశంలో పట్టించుకోని పుస్తకానికి పద్నాలుగేళ్ల తర్వాత పొరుగు దేశంలో దండ పడింది. ఆ ఏడే దాన్ని ఇంగ్లీషులోకి కూడా తెచ్చారు.

ఓమ్ కన్నా ముందే ఇంగ్లండులో కావెండిష్ ఇలాంటి ఫలితానికే వచ్చాడని తర్వాత బయటపడింది. కొలవడానికి మీటరు లేక, తన ఒంటికే షాకు కొట్టించుకుని అది ఎంతమేర తగిలిందో పోల్చి చూశాడట! కాని అవేవీ అచ్చువేయలేదు. 1879లో మాక్స్‌వెల్ ఆ కాగితాలు వెలికితీసేదాకా ఎవరికీ తెలియదు. అందుకని నియమం ఓమ్ పేరుమీదే ఉండటం సబబే అంటాను. పెట్టెలో దాచుకున్న లెక్క ఎవరి ఫ్యూజు వేస్తుంది?

సొంత ఊరివాళ్లకి కూడా చివరికి కళ్లు తెరుచుకున్నాయి. 1845లో బవేరియా అకాడమీ సభ్యత్వం ఇచ్చింది. 1849లో మ్యూనిక్‌కి పిలిచి అకాడమీ ఫిజిక్సు పరికరాల మీద అధికారిని చేశారు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పమన్నారు. అదే ఏట కిర్కాఫ్, ఓమ్ ఊహించిన విద్యుత్ స్థితి అన్నది పొటెన్షియలేనని తేల్చి, ఆ పుస్తకంలో మిగిలిన తికమకని తీర్చాడు. 1852లో ఓమ్‌కి ఫిజిక్సు పీఠం ఇచ్చారు. 1811లో డాక్టరేటు తీసుకున్నవాడు, నలభై ఒక్క సంవత్సరాలు ఎదురుచూసి అరవై మూడో ఏట ఆ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నది రెండేళ్లే. 1854 జూలై 6న మ్యూనిక్‌లో పోయాడు, అక్కడి పాత దక్షిణ శ్మశానంలో పాతిపెట్టారు.

నాలుగేళ్ల తర్వాత, 1858లో, అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి టెలిగ్రాఫు కేబులు వేశారు. సందేశాలు నీరసంగా వస్తున్నాయని దాన్ని చూసే పెద్దమనిషి కేబులుకి మోతాదుకి మించి వోల్టేజి దంచాడు. కొద్ది వారాల్లోనే అది చచ్చిపోయింది. అంత డబ్బు సముద్రం పాలయ్యాక అందరికీ ఒక్క విషయం అర్థమైంది, అడ్డుని కొలవడానికి ప్రపంచమంతా ఒప్పుకునే ఒక కొలత ఉండాలని. 1861లో బ్రిటిష్ అసోసియేషన్ దానికోసం కమిటీ వేసింది. 1881లో పారిస్‌లో దేశదేశాల విద్యుత్ శాస్త్రజ్ఞులు కూడి వోల్టు, ఆంపియరుతో పాటు ఓము కూడా ఖాయం చేశారు. ఆ పేరుని తిరగేసి రాసి, కరెంటుకి దారిచ్చే గుణానికి మో అని కూడా పేరు పెట్టుకున్నారు. తర్వాత దాన్ని సీమెన్స్ అని మార్చారుగాని, పాత పుస్తకాల్లో మో ఇంకా కనపడుతుంది. మన లాబు బీరువాలో పాత రెసిస్టెన్సు పెట్టె ఉంటే ఓసారి మూత తీసి చూడండి. ఇత్తడి ప్లగ్గు పీకితే అడ్డు పెరుగుతుంది, బిగిస్తే తగ్గుతుంది. బిగించేటప్పుడు కాస్త తిప్పి నొక్కమని అటెండరు ఎందుకు అరుస్తాడో అప్పుడు తెలుస్తుంది.